పెంకు రంగు అడుగుతాం, తేదీ అడగం

కిరాణా కొట్లో గుడ్లు కొనేవాళ్లు సాధారణంగా రెండే ప్రశ్నలు వేస్తారు. "ఎంత?" ఒకటి, "నాటువేనా?" రెండోది. రెండోదానికి కొట్టాయన ఏమంటాడో అడిగేవాళ్లకి ముందే తెలుసు, అయినా అడుగుతారు. లోడు ఎప్పుడొచ్చింది, ఇన్నాళ్లూ ఎండలో పెట్టారా నీడలో పెట్టారా అని అడిగే మనిషి అరుదు. గుడ్డు మంచీచెడూ తేల్చేవి మాత్రం ఆ అడగని ప్రశ్నలే. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణా పెద్దగా వెనకపడి లేదు. ఊరూరా కోళ్ల ఫారాలున్న ఇలాంటి చోట కూడా గుడ్డు మీద మన నమ్మకాలు, అనుమానాలు కంటికి కనబడే రంగు దగ్గరే ఆగిపోవడం నాకు వింతగా తోస్తుంది.

పెంకు రంగుతోనే మొదలుపెడదాం. కోడి కడుపులో ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అండాశయం నుంచి పచ్చసొన జారి అండవాహికలోకి వస్తుంది. తెల్లసొన పట్టడానికి సుమారు 3 గంటలు, దాని మీద రెండు పల్చటి పొరలు అల్లుకోవడానికి గంట పైచిలుకు. మిగతా 20 గంటలూ పెంకు పోసుకోవడానికే సరిపోతాయి. ఆ పెంకు దాదాపు అన్ని జాతుల కోళ్లకీ తెల్ల సున్నమే. గోధుమరంగు గుడ్డు పెట్టే జాతుల్లో చివరి కొద్ది గంటల్లో ప్రోటోపార్ఫిరిన్ అనే రంగు పెంకు మీద పూతలా పడుతుంది. ఇల్లంతా కట్టాక చివర్లో వేసే వెల్ల లాంటిదన్నమాట. ఆ వెల్ల వేయాలా వద్దా అన్నది జాతి లక్షణం. లెగ్‌హార్న్ వేయదు, రోడ్ ఐలాండ్ రెడ్ వేస్తుంది. కోడి ఏం తిన్నది, ఎక్కడ తిరిగింది, దాని గుడ్డులో బలం ఎంత అన్న సంగతులు ఈ రంగులో ఉండవు. సూపర్ మార్కెట్లో అట్టపెట్టెలో పెట్టి ఎక్కువ ధరకి అమ్మే గోధుమ గుడ్లలో చాలావాటిని పెట్టేది కూడా ఫారం కోళ్లే, వేరే సంకరజాతివి, అంతే. నల్ల మాంసం ఉండే కడక్‌నాథ్ నల్ల గుడ్డు పెడుతుందని ఫొటోలు తిరుగుతుంటాయి. అది పెట్టేది లేత గోధుమరంగు గుడ్డే. నల్లటి పెంకుతో గుడ్డు పెట్టే కోడి లోకంలో లేదు.

తెల్ల గుడ్డుని టీ డికాక్షన్‌లో ముంచి నాటు గుడ్డని అమ్మే మోసం ఉన్నమాట నిజం. కాకపోతే దాన్ని పట్టుకోవడానికి వాట్సాప్‌లో చెప్పే పరీక్షలే మోసగాడికి మేలు, నిజాయితీగా అమ్మేవాడికి చేటు చేస్తున్నాయి. నిమ్మరసం రుద్దితే రంగు పోయిందంటే నకిలీ అంటారు. సహజమైన గోధుమరంగూ పైపూతే కదా, పులుపు తగలగానే సున్నం కరుగుతుంది, దాంతోపాటు రంగూ ఊడి వస్తుంది. పగలగొడితే పెంకు లోపలివైపు తెల్లగా ఉంది కాబట్టి రంగేశారు అంటారు. అసలుసిసలు నాటు గుడ్డు పెంకూ లోపల తెల్లగానే ఉంటుంది. లోపలా బయటా ఒకే రంగు ఉండేది నీలి గుడ్లు పెట్టే అరౌకానా లాంటి దక్షిణ అమెరికా జాతులకి. వాటిలో రంగు పెంకు మందమంతా ఇంకుతుంది.

మరి గుర్తుపట్టేదెలా? ఒక్క గుడ్డుని పట్టుకుని తేల్చడం కష్టం, బుట్టంతా చూడాలి. నాటు గుడ్డు చిన్నది, 35 నుంచి 45 గ్రాములు తూగుతుంది. పెరట్లో పది కోళ్లుంటే పది రకాల గుడ్లొస్తాయి. ఒకటి మీగడరంగు, ఒకటి లేత గోధుమ, ఒకటి కొంచెం గులాబీ జీర, ఒకటి కోలగా, ఒకటి గుండ్రంగా. బుట్టలో గుడ్లన్నీ అచ్చులో పోసినట్టు ఒకే రంగులో, ఒకే సైజులో, తలా 55 గ్రాములకి తగ్గకుండా ఉన్నాయంటే అవి పెరటివి కావు. మామూలు నీళ్లతో తడిపిన గుడ్డతో గట్టిగా రుద్దినా సహజమైన రంగు రాదు. గుడ్డకి రంగు అంటితే అనుమానించండి, అంటనంత మాత్రాన అసలుదని నమ్మెయ్యకండి.

కోళ్ల విషయంలోనూ ఇదే తంతు. ఈకలు రంగురంగులుగా ఉంటే చాలు, నాటుకోడి అయిపోతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారుచేసింది. మంచి కోళ్లవి. నాటుకోడి కన్నా రెండు మూడు రెట్లు గుడ్లు పెడతాయి, మన పెరట్లో మన తిండితోనే బతుకుతాయి. వాటిని వాటి పేరుతో అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పేరు మార్చి, ధర పెంచి అమ్మడంతోనే పేచీ. కొనేవాడికి ఒక గుర్తు: అసలు నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. పొదుగు మాటే లేకుండా నెలల తరబడి గుడ్లు పెడుతూనే ఉందంటే దానిలో సంకరం ఉన్నట్టే.

పచ్చసొన రంగు దగ్గర మనం ఇంకా సులువుగా పడిపోతాం. ముదురు పసుపు ఉంటే బలం, పాలిపోయి ఉంటే నీరసం గుడ్డు. ఆ రంగు మేతలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల నుంచి వస్తుంది. మేతలో పసుపు మొక్కజొన్న ఎక్కువుంటే పచ్చసొన పసుపెక్కుతుంది. మొక్కజొన్న ధర పెరిగి, రైతు నూకలకో సజ్జలకో మారితే రెండు మూడు వారాల్లోనే పాలిపోతుంది. అప్పుడు మేతలో బంతిపూల సారం కలిపితే మళ్లీ నారింజ రంగుకొస్తుంది. పెరటి కోడి ఆకులు, పురుగులు ఏరుకు తింటుంది కాబట్టి దాని సొన ముదురుగా ఉంటుంది. ఇంటెనక తిరిగే కోడి విషయంలో ఆ రంగుకి కొంత అర్థముంది. కొట్లో కొన్న గుడ్డులో ముదురు రంగుంటే మేతలో రంగిచ్చే దినుసు ఉందని మాత్రమే అర్థం. ఇంకో సంగతి, పచ్చసొనలో ఉండే అసలైన విటమిన్ ఎ కి చెప్పుకోదగ్గ రంగే లేదు. పాలిపోయిన సొనలోనూ అది నిండుగా ఉండొచ్చు.

చైనా నుంచి ప్లాస్టిక్ గుడ్లొస్తున్నాయన్న గొడవ ఏడాదికోసారైనా లేస్తుంది. ఉడకబెట్టిన గుడ్డులోంచి కాగితంలాంటి పొర లాగి చూపించే వీడియో, దానికి మంట పెడితే కాలుతున్న వీడియో. ఆ పొర పెంకు లోపల అల్లుకునే రెండు మాంసకృత్తుల పొరల్లో ఒకటి. ప్రతి గుడ్డుకీ ఉంటుంది. ఎండకి, పాతదనానికి తేమ ఆరిపోతే అది మందంగా, సాగే కాగితంలా తయారవుతుంది. మాంసకృత్తు కాబట్టి వెంట్రుక కాలినట్టు కాలుతుంది, వాసనా అలాగే వస్తుంది. పగలగొట్టగానే తెల్లసొన నీళ్లలా జారిపోయినా, పచ్చసొన చితికి కలిసిపోయినా అది నకిలీదని కాదు, ముసలిదని. ఆరేడు రూపాయలకి దొరికే సరుక్కి ఏడెనిమిది వేల సూక్ష్మరంధ్రాలున్న సున్నపు పెంకు, రెండు పొరలు, వెడల్పు కొనలో గాలిగది, పచ్చసొనని రెండువైపులా పట్టి ఉంచే మెలికల తాడు అన్నీ చేసి, లాభానికి అమ్మగల కార్ఖానా ఉంటే వాడు గుడ్లు చేస్తూ కూర్చోడు. ఈ పుకారుతో జరిగే నష్టం ఏంటంటే, నెల రోజులు ఎండలో మగ్గిన గుడ్డు అంటగట్టిన కొట్టువాడు తప్పించుకుంటాడు. తిట్లన్నీ చైనాకి పోతాయి.

గుడ్డు ముసలిదవడమంటే ఏంటో ఒకసారి చూస్తే ఇలాంటి అనుమానాలు చాలావరకు తీరతాయి. పెట్టిన క్షణం నుంచి ఆ రంధ్రాల్లోంచి తేమ, బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంటాయి. తేమ పోయేకొద్దీ గాలిగది పెద్దదవుతుంది. వాయువు పోయేకొద్దీ తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది. తాజా గుడ్డులో 7.6 దగ్గరుండే పీహెచ్ కొన్నాళ్లకి 9 దాటుతుంది. దాంతో పచ్చసొన చుట్టూ గట్టిగా ఉండే చిక్కటి తెల్లసొన పల్చబడుతుంది. నీళ్లలో వేసే పరీక్ష కొలిచేది ఈ గాలిగదినే. తాజాది అడుగున పడుకుంటుంది. వారం పదిరోజులదైతే వెడల్పు కొన పైకి లేస్తుంది. బాగా పాతది తేలుతుంది. తేలిందంటే మురిగిందని ఖాయంగా చెప్పలేం, తేమ పోయిందని చెప్పగలం, అంతే. మునిగింది కదా అని మంచిదనీ అనుకోకూడదు. సన్నటి చీలికలోంచి క్రిములు దూరిన నిన్నటి గుడ్డు కూడా రాయిలా మునుగుతుంది. అందుకే ఏ గుడ్డునైనా ముందు విడిగా ఒక గిన్నెలో కొట్టి, వాసన చూసి, తర్వాత మిగతావాటిలో కలపాలి. పెద్దమ్మలు, నాయనమ్మలు చేసే పని ఇదే. నీళ్ల పరీక్ష కన్నా ముక్కు పరీక్షే మేలు.

ఈ ముసలితనం అక్కరకొచ్చే చోటు ఒకటుంది, పులుసు కోసం ఉడకబెట్టేటప్పుడు. గుడ్డు పెంకు రాక, గీరుకుపోయి, సగం తెల్లసొన పెంకుతోనే పోతే గుడ్డు చెడ్డదని విసుక్కుంటాం. పెంకుకి అంటుకుపోవడం తాజా గుడ్డు లక్షణం. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు తెల్లసొన లోపలి పొరకి గట్టిగా పట్టుకుంటుంది. వారం దాటినవి ఉడకబెట్టడానికి, తాజావి ఆమ్లెట్టుకి, హాఫ్ బాయిల్డ్‌కి వాడుకుంటే సుఖం. ఉన్నవి తాజావే అయితే నీళ్లు తెర్లుతున్నప్పుడు గరిటెతో మెల్లగా దించండి. చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెడితే తెల్లసొన నెమ్మదిగా గట్టిపడుతూ పొరకి అతుక్కుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసినవైతే 10 నిమిషాలు బయట ఉంచకపోతే చిట్లొచ్చు. 11 నిమిషాలు ఉడికాక వెంటనే చల్లటి నీళ్లలో వేసి, వెడల్పు కొన దగ్గర కొట్టి, నీళ్ల కిందే ఒలవాలి. నీళ్లలో వేసే ఉప్పు గుడ్డు చిట్లకుండా ఆపదు. చిట్లినచోట సొన త్వరగా గడ్డకట్టి ఎక్కువ కారకుండా చూస్తుంది. పచ్చసొన చుట్టూ వచ్చే ఆకుపచ్చ వలయం విషం కాదు. మరీ ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ రంగు తేలుతుంది.

ఇంటికి తేగానే గుడ్లన్నీ కుళాయి కింద కడిగి ఆరబెట్టేవాళ్లున్నారు. శుభ్రత అనుకుని చేసే ఈ పని వల్ల కీడే ఎక్కువ. కోడి గుడ్డు పెట్టేటప్పుడే రంధ్రాలను కప్పేస్తూ ఒక పల్చటి పూత ఇస్తుంది. కడిగితే ఆ పూత పోతుంది. పైగా గుడ్డు వెచ్చగా, నీళ్లు చల్లగా ఉంటే లోపలి పదార్థం ముడుచుకుని పెంకు మీది మురికి నీటిని రంధ్రాల్లోంచి లోపలికి పీలుస్తుంది. అమెరికాలో గుడ్లన్నీ కడిగే అమ్ముతారు, అక్కడ కడిగాక కొట్టుదాకా చల్లదనంలోనే ఉంచాలన్న నియమం ఉంది. ఐరోపాలో కొట్లలో అమ్మే 'ఎ' (A) గ్రేడు గుడ్లని కడగనివ్వరు. రెండు పద్ధతులూ నడుస్తున్నాయి. మనం అమెరికా పద్ధతి సగం, ఐరోపా పద్ధతి సగం కలిపి, కడిగి వేసవిలో అరుగు మీద పెడతాం. రెట్ట అంటితే పొడిగుడ్డతో తుడవండి. కడగాల్సి వస్తే గుడ్డు కన్నా వెచ్చగా ఉన్న నీళ్లతో, వండబోయే ముందు కడగండి. ఫ్రిజ్‌లో పెట్టినవాటిని తీసి గంటల తరబడి బయట ఉంచి మళ్లీ పెడితే పెంకు మీద చెమట పట్టి అదే అనర్థం. సన్న కొన కిందికి ఉండేలా పెడితే గాలిగది పైనుంటుంది, పచ్చసొన మధ్యలో నిలుస్తుంది.

ఇక పుంజు ప్రస్తావన. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదని చదువుకున్నవాళ్లూ అంటుంటారు. గుడ్ల కోసం పెంచే లేయర్ ఫారంలో వేల పెట్టలుంటాయి, పుంజు ఒక్కటీ ఉండదు. గుడ్డు విడుదలకి కావలసింది వయసు (18 నుంచి 20 వారాలు), మేత, రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురు. చలికాలంలో పెరటి కోళ్లు గుడ్లు తగ్గించేది చలికన్నా పొద్దు కురచవడం వల్ల. పుంజు లేని గుడ్డులో పిల్ల లేచే అవకాశం ఎన్నటికీ లేదు కాబట్టి అది శాకాహారం అని కొందరు వాదిస్తారు. ఎవరి వంటింటి లెక్క వాళ్లది, అందులో వేలు పెట్టను. అయితే ఆ వాదనకి ఆధారంగా చూపించే గుర్తులు మాత్రం తప్పు. పచ్చసొన మీద ఎర్రటి చుక్క కనబడితే పిల్ల కట్టిందని గిన్నెతో సహా పారేస్తారు. అండాశయం నుంచి పచ్చసొన జారేటప్పుడు ఒక సన్నటి నెత్తురు నాళం చిట్లితే పడే మరక అది, పుంజు మొహం చూడని కోడి గుడ్డులోనూ పడుతుంది. తెల్లగా మెలితిరిగిన తాడు పిల్లా కాదు, పుంజు వీర్యమూ కాదు. పచ్చసొనని మధ్యలో నిలబెట్టే కట్టు అది, గుడ్డు తాజాగా ఉంటే స్ఫుటంగా కనిపిస్తుంది. తాడు చూసి ఏవగించుకునేవాళ్లు నిజానికి మంచి గుడ్డుని చూసి ఏవగించుకుంటున్నారు.

పిల్ల పచ్చసొన నుంచి పుడుతుందన్నదీ సరికాదు. పచ్చసొన మీద మినపగింజంత కూడా లేని తెల్లటి చుక్క ఉంటుంది, పిల్ల అయ్యేది అదే. పచ్చసొన దానికి సద్దిమూట. పెంకు పగలగొట్టుకుని బయటికి రాబోయే ముందు ఆ మూటలో మిగిలినదాన్ని పిల్ల కడుపులోకి లాక్కుంటుంది, పుట్టాక రెండు రోజులు దానితోనే బతకగలదు. హేచరీల నుంచి పిల్లల్ని పెట్టెల్లో దూరాలు పంపగలిగేది ఈ సద్దిమూట దయవల్లే. పిల్ల పెంకు పగలగొట్టుకోలేక అవస్థ పడుతోందని జాలిపడి గోటితో గిల్లి తీసేవాళ్లు దాన్ని చంపుతున్నారు. పెంకుకి మొదటి చిల్లు పడ్డాక పూర్తిగా బయటికి రావడానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టొచ్చు. ఆ వ్యవధిలో నెత్తురు నాళాలు ఆరిపోవాలి, సొన లోపలికి పోవాలి. ముందే లాగితే నెత్తురు కారుతుంది, బొడ్డు మూసుకోదు.

పొదుగు చుట్టూ అల్లుకున్న నమ్మకాల్లో నాకు ఇష్టమైనది ఉరుముల సంగతి. ఉరిమితే గంపలో గుడ్లు చచ్చిపోతాయని కొందరు ఇనప మేకు, బొగ్గు ముక్క, ఎండుమిరపకాయ పెడతారు. గుడ్లు మురగడం మాత్రం అబద్ధం కాదు, కారణమే వేరు. మన దగ్గర ఉరుములు ఎప్పుడొస్తాయి? మే నెలాఖరున, జూన్ మొదట్లో. అప్పుడు పొదుగుకి పెట్టిన గుడ్లు ఎప్పటివి? అంతకుముందు రెండు మూడు వారాలుగా 40 డిగ్రీల ఎండలో ఒక్కొక్కటిగా పోగేసినవి. పుంజు తొక్కిన గుడ్డులో తెల్లచుక్క 37.5 డిగ్రీల వెచ్చదనం దగ్గర సక్రమంగా పెరుగుతుంది. 27, 28 డిగ్రీలు దాటితే అరకొరగా కదులుతుంది, రాత్రి చల్లబడితే ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. కొన్నాళ్లిలా జరిగితే చచ్చిపోతుంది. కోడిని కూర్చోబెట్టక ముందే చచ్చిన గుడ్ల నింద పది రోజుల తర్వాత వచ్చిన ఉరుము మీద పడుతుంది. దీనికి మందు మేకు కాదు. పొదుగుకి పెట్టే గుడ్లు వారం లోపువై ఉండాలి. సన్న కొన కిందికి ఉంచి ఇంట్లో చల్లటి మూల దాచాలి, రోజుకోసారి పక్కకి వంచాలి. 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం దొరికితే శ్రేష్ఠం. వేసవిలో అది మన ఇళ్లల్లో అయ్యే పని కాదు కాబట్టి నడివేసవిలో పొదుగు పెట్టకపోవడమే తెలివి.

గుడ్లు బేసి సంఖ్యలో ఉండాలన్న పట్టింపు ఎవరికీ నష్టం చేయదు గానీ, పదిహేనో పదిహేడో పెట్టడం చేస్తుంది. నాటు పెట్ట రెక్కల కింద 10 నుంచి 12 గుడ్లు బాగా ఇముడుతాయి. ఎక్కువైతే అంచునున్నవి చల్లబడతాయి. పెట్ట రోజూ గుడ్లని అటూ ఇటూ దొర్లిస్తుంది కాబట్టి ఇవాళ అంచున చల్లబడ్డవి రేపు మధ్యకొస్తాయి, నిన్న మధ్యలో ఉన్నవి అంచుకి పోతాయి. అలా మూడు గుడ్ల ఆశకి పదిహేనూ దెబ్బతింటాయి. ఏడో రోజు చీకట్లో సెల్‌ఫోన్ లైటు వెడల్పు కొనకి ఆనించి చూస్తే పనికొచ్చేదాంట్లో సాలెపురుగు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా తేటగా ఉంటే తొక్కుడు లేని గుడ్డు. ఎర్రటి ఉంగరం మాత్రమే ఉంటే మొదలై చచ్చింది. ఈ రెండూ తీసేయాలి, లేకపోతే మురిగి గంపలోనే పగులుతాయి.

మొన తేలిన గుడ్డులోంచి పుంజు, గుండ్రటిదాంట్లోంచి పెట్ట వస్తుందని పందెం కోళ్లు పెంచేవాళ్లు గట్టిగా నమ్ముతారు. గుడ్డు ఆకారం పెట్ట అండవాహికది. ఒక పెట్ట గుడ్లన్నీ ఇంచుమించు ఒకే పోలికలో ఉంటాయి. ఈ లెక్కన కోలగుడ్డు పెట్టే కోడికి జన్మంతా పుంజులే పుట్టాలి, పుట్టవు కదా. మనుషుల్లో పిల్ల ఆడా మగా అన్నది తండ్రి కణం తేలుస్తుంది, కోళ్లలో తల్లి కణం తేలుస్తుంది. ఈ పెంపకందార్లకి ఆకారం కన్నా పనికొచ్చే లెక్క ఒకటుంది. ఒకసారి తొక్కితే పుంజు బీజం పెట్ట కడుపులో 10 నుంచి 14 రోజులు, ఒక్కోసారి 3 వారాలు నిలవ ఉంటుంది. డేగ పుంజుని తీసి కాకి పుంజుని (పందెం కోళ్లలో రంగుని బట్టి పెట్టే పేర్లివి) వదిలిన మర్నాటి గుడ్డు కాకిదే అనుకుంటే పొరపాటు. జాతి పక్కాగా కావాలంటే మూడు వారాల గుడ్లు కూరకి వాడుకోవాలి.

పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని దాన్ని ఆ పూటే కోసేస్తారు. పెట్టకి పనిచేసే అండాశయం ఎడమవైపుది ఒక్కటే. జబ్బు చేసో గడ్డ లేచో అది పాడైతే, కుడివైపు మొలకలా మిగిలి ఉన్న అవయవం పెరిగి మగ హార్మోను వదలొచ్చు. జుట్టు పెరుగుతుంది, కూత మొదలవుతుంది, గుడ్లు ఆగిపోతాయి. అరిష్టం ఏదైనా ఉంటే ఆ కోడికే. ఇక పుంజు వెలుతురు చూసి కూస్తుందన్నదీ సగం నిజమే. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో పుంజుల్ని ఎప్పుడూ ఒకే మసక వెలుగులో ఉంచి చూశారు, అవి తెల్లవారే వేళకి కొంచెం ముందు కూస్తూనే ఉన్నాయి. వాటి లోపల ఒక గడియారం ఉంది.

హార్మోను అనగానే బ్రాయిలర్ గుర్తొస్తుంది. 40 రోజుల్లో రెండు కిలోలు దాటే కోడి ఇంజెక్షన్ ఇవ్వకుండా ఎలా పెరుగుతుంది, అది తినే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతున్నారు అని ప్రతి ఇంట్లో వినబడే మాట. ఎదుగుదల హార్మోను ఒక మాంసకృత్తు. మేతలో కలిపితే కోడి దాన్ని పప్పులా అరిగించుకుంటుంది. పనిచేయాలంటే సూదితో, అదీ పదే పదే ఇవ్వాలి. పదివేల కోళ్ల షెడ్డులో రోజూ పదివేల సూదులు పొడిచే కూలి ఖర్చుకి కోడి ధర సరిపోదు. మరి ఆ బరువు? కెనడాలో ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి కోడి వంశాన్ని, 2005 నాటి వంశాన్ని పక్కపక్కన ఒకే మేతతో పెంచి 2014లో ఫలితాలు చెప్పారు. 56 రోజులకి పాతది 905 గ్రాములు, కొత్తది 4.2 కిలోలు. మేత ఒకటే, సూదులు లేవు, తేడా అంతా ఏరి ఏరి జతకట్టించిన తరాలది. ఆ ఎదుగుదలకి కోడి మూల్యం చెల్లిస్తోంది. కాళ్లు మొయ్యలేవు, గుండె చాలదు, పొట్టలో నీరు చేరుతుంది. హేచరీలో మొదటిరోజు మెడ దగ్గర పొడిచే సూది మారెక్స్ లాంటి జబ్బులకిచ్చే టీకా. తర్వాత కొక్కెర తెగులుకి, గంబోరోకి టీకాలు, ఇవి ఎక్కువగా కంటి చుక్కలుగానో తాగే నీళ్లలోనో ఇస్తారు.

నాకు ఈ హార్మోను పుకారు మీద ఉన్న కోపం వేరే కారణానికి. అది అసలు నిలదీయాల్సిన విషయాన్ని కప్పేస్తోంది. యాంటీబయాటిక్‌లు. జబ్బు లేకపోయినా ఎదుగుదలకని, ముందుజాగ్రత్తకని కొద్దికొద్దిగా మేతలో కలిపే అలవాటు కోళ్ల పరిశ్రమలో ఉంది. మనుషులకి ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖరి అస్త్రంగా వాడే కొలిస్టిన్‌ని కూడా మేతలో వాడుతుండటంతో కేంద్ర ప్రభుత్వం 2019లో పశువులకి, కోళ్లకి దాన్ని నిషేధించాల్సి వచ్చింది. మందు వాడితే అమ్మకానికి ముందు ఇన్ని రోజులు ఆపాలని ప్రతి మందుకీ గడువుంటుంది. ఆ గడువు పాటిస్తున్నారా అని అడిగే కొనుగోలుదారు లేడు. హార్మోను గురించి అడిగితే ఫారం వాళ్లు ధైర్యంగా లేదంటారు, ఎందుకంటే నిజంగానే లేదు. రెండో ప్రశ్న అడిగితే గొంతు అంత గట్టిగా ఉండదు. వంటింట్లో మన తప్పు కూడా ఒకటుంది. తెచ్చిన మాంసాన్ని కుళాయి ధార కింద కడిగితే క్రిములు పోవు, తుంపర్లుగా గట్టంతా, పక్కనున్న కొత్తిమీర మీదా పడతాయి. కడగక మనసొప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, ఆ చోటంతా సబ్బుతో తుడవండి. చంపేది వేడి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు గుడ్లు, మాంసం పారబోసినవాళ్లున్నారు. ఆ వైరస్ 70 డిగ్రీల దగ్గర చచ్చిపోతుంది, మన కూరలు అంతకన్నా ఎక్కువే కాగుతాయి.

అదే లెక్కన హాఫ్ బాయిల్డ్‌కి, పచ్చిగుడ్డుకి ఆ భద్రత లేదు. పచ్చిగుడ్డు తాగితే బలమని వ్యాయామశాలల్లో ఇంకా గ్లాసులో కొట్టి మింగుతున్నారు. 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచి చూస్తే ఉడికిన గుడ్డు మాంసకృత్తుల్లో సుమారు 90 శాతం అరిగింది, పచ్చిదాంట్లో సుమారు 50 శాతమే. పైగా పచ్చి తెల్లసొనలో ఉండే అవిడిన్ అనే మాంసకృత్తు బయోటిన్ అనే విటమిన్‌ని పట్టేసుకుంటుంది. ఉడికిస్తే ఆ పట్టు వదులుతుంది. ఆరు గుడ్లు పచ్చిగా తాగేవాడి ఒంటికి పట్టేది మూడే, మిగతాది డబ్బు దండగ.

వేసవిలో గుడ్డు వేడి చేస్తుందన్నదానికి గుడ్డులో కారణం కనబడదు. ఒక గుడ్డు 70, 75 క్యాలరీలు, 6 గ్రాముల మాంసకృత్తులు, ఇడ్లీల కన్నా ఎక్కువ వేడేమీ కాదు. వేసవిలో మారేది కోడి. దానికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పితే నెత్తుట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది, పెంకు పోయడానికి కావలసిన ముడిసరుకు అదే. మేతా తగ్గిస్తుంది. అందుకే మే నెల గుడ్డు పెంకు పల్చగా ఉండి, ట్రేలోనే సన్నటి వెంట్రుకవాసి చీలికలు పడతాయి. ఇంట్లో పెట్టలుంటే మేత తెల్లవారుజామున, పొద్దువాలాక వేయండి. ముత్యపు చిప్పల నలుసు విడిగా ఒక ముంతలో పెట్టండి, పెట్టే పెట్ట రోజుకి 4 గ్రాముల దాకా కాల్షియం కోరుతుంది. లేయర్ మేత మాత్రం 16 వారాల లోపు పిల్లలకి పెట్టొద్దు. గుడ్డు పెట్టని కోడికి అంత సున్నం పోస్తే మూత్రపిండాలు చెడతాయి.

మే నెలలో కొనేటప్పుడు ట్రే పైవరస కాకుండా కింది వరస చూడండి, లైటు ఆనించి చీలికలు వెతకండి. ఎండ పడే చోట పేర్చిన కొట్టు వదిలేయండి. వారానికి సరిపడా తెచ్చుకోండి, నెలకి వద్దు. పుంజు ఉన్న ఇంటి నుంచి నాటు గుడ్లు తెస్తే ఆ రోజే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫారం గుడ్డుకన్నా వాటికే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం. అట్టపెట్టె మీద తేదీ ఉంటే మంచిదే, కాకపోతే ఒకసారి కళ్లు చికిలించి చదవండి. చాలావాటి మీద ఉండేది ప్యాక్ చేసిన తేదీ, కోడి పెట్టిన తేదీ కాదు.